బెంచి పట్టుకున్న చేతులు

షెడ్డు పిల్ల నవ్వితే మా క్లాసు గోడల సున్నం రాలుతుందేమో అనిపించేది నాకు. అంత గట్టిగా నవ్వేది. మాట్లాడినా అంతే. వరండా ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా ఆమె పొద్దున ఏం తిని వచ్చిందో తెలిసిపోయేది. మాట్లాడనప్పుడైనా చప్పుడు ఆగేదా అంటే అదీ లేదు. వేలికి ఒక వెండి ఉంగరం ఉండేది. దానితో బెంచి మీద టక్, టక్, టక్ అని కొడుతూనే ఉండేది. లెక్చరర్లు తిట్టినా కాసేపే. నాకైతే ఆ ఉంగరం ఊడబీకి కిటికీలోంచి విసిరెయ్యాలనిపించేది.

షెడ్డు పిల్ల అనే పేరు నేను పెట్టిందే, మనసులో. పైకి మాత్రం దోస్త్ అనే పిలిచేదాన్ని. వాళ్ళ నాన్న లారీ మెకానిక్. గోదావరిఖని నుంచి రామగుండం పోయే రోడ్డు పక్కన వాళ్ళ రేకుల షెడ్డు ఉండేది, దాని వెనకే ఇల్లు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు. బయటికొస్తే ఆమె తెలుగు మా తెలుగు కంటే జోరుగా ఉండేది. ఇవేవీ నాకు అడ్డం కాదు. నా కడుపుమంట వేరే. ఆమె నా పక్కింటి పిల్లను నా దగ్గరి నుంచి లాక్కుంది.

పక్కింటి పిల్లా నేనూ ఒకే లైన్లో పుట్టి పెరిగాం. కంపెనీ క్వార్టర్లు, మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఇవతల మా బాపు, అవతల వాళ్ళ బాపు. ఇద్దరూ ఒకే బాయిలో దిగేవాళ్ళు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు. వాళ్ళిద్దరి షిఫ్టులు ఎట్లా మారితే మా రెండిళ్ళ పొద్దులు అట్లా మారేవి. ఒకరి జడ ఒకరం వేసుకుని, ఒకరి టిఫిన్ ఒకరం తిని, ఇంటర్ దాకా ఆమె పక్కన నేను తప్ప ఇంకొకరు కూర్చున్నది లేదు.

మా లైన్లో పుట్టిన పిల్లలకు చిన్నప్పుడే ఒక మర్యాద వస్తుంది. నైటు షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. గుమ్మం బయట డ్యూటీ బూట్లు కనబడ్డాయంటే ఆ ఇంట్లో నిద్రపోయే మనిషి ఉన్నట్టు. ఆ ఇంటి ముందు ఎవరూ పేరు పెట్టి పిలవరు. కూరగాయలమ్మే అవ్వ కూడా ఆ గుమ్మం దాటేదాకా కేక మింగేస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి లైను చివరికి పోతారు. పక్కింటి పిల్లా నేనూ గొంతు లేకుండానే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. పెదాలు కదిలితే చాలు, ఆమె ఏమంటోందో నాకు తెలిసిపోయేది. ప్రపంచంలో ఇంతకన్నా మంచి స్నేహం ఉండదని నేను గట్టిగా నమ్మాను. డిగ్రీలో చేరిన కొన్నాళ్ళకే ఆ టక్ టక్ ఉంగరం వచ్చి మా బెంచిలో ఆమెకు అటుపక్కన కూర్చుంది.

ఒక మధ్యాహ్నం షెడ్డు పిల్ల మా ఇంటికి కూడా వచ్చింది. నేను పిలవలేదు, పక్కింటి పిల్ల వెంటబెట్టుకొచ్చింది. మా గుమ్మం ముందు బాపు బూట్లు ఉన్నాయి. ఆ బూట్లు దాటుకుంటూనే షెడ్డు పిల్ల కేకేసింది.

"ఏ దోస్త్! ఉన్నవా ఇంట్ల?"

లైన్లో సగం తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి పిల్ల భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల మంచం కిర్రుమంది. నిద్ర చెడితే మా బాపు ఎట్లా లేస్తాడో నాకు తెలుసు కాబట్టి, ఇవాళ్టితో ఈమె పీడ విరగడైనట్టే అని లోలోపల సంబరపడ్డాను.

బాపు లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవరి బిడ్డవు?"

"లారీల షెడ్డు మేస్త్రి బిడ్డను కాకా. నిద్ర చెడగొట్టిన్నా? మాఫ్ చెయ్యి. మా ఇంట్ల గింత చప్పుడుకు పిల్లి గూడ లేవది."

మా బాపు నవ్వాడు! నేను చూస్తూ ఉండగానే పళ్ళన్నీ కనబడేలా నవ్వి, గుమ్మంలో కూర్చుని, ఆమెను కూర్చోబెట్టుకున్నాడు.

"మీ అబ్బా నాకు ఎరికే. ఆయన పానా పడ్తె ఎంత మొండి ఇంజనైన లేస్తది."

ఆ తర్వాత ఇద్దరూ ఉర్దూలోకి దిగారు. బాయిలో ముస్లింలతో కలిసి పనిచేసీ చేసీ ఆయనకు ఆ భాష బాగానే వచ్చని నాకు తెలుసు. ఆ భాషలో ఆయన జోకులు కూడా వేస్తాడని మాత్రం ఆరోజే తెలిసింది. నాతో ఆయన మాటలు "తిన్నవా, చదివినవా" దగ్గర ఆగిపోయేవి. అమ్మ అప్పుడే సర్వపిండి చేసింది. గిన్నె అంచుకు పట్టి కరకరలాడే ముక్క చిన్నప్పటి నుంచీ నాదే. ఆ ముక్క తీసి, అతిథి కదా అని, ఆమె చేతిలో పెట్టింది. నాకు మధ్యలోది, మెత్తటిది.

ఆమె పోయాక బాపు, "మంచి పిల్ల, ఇల్లంత కళకళలాడింది" అని మళ్ళీ పోయి పడుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆయన నిద్ర కోసం గుసగుసలతో బతికిన నాకు అటువంటి మాట ఒక్కటీ దక్కలేదు. ఆ సాయంత్రం అన్నం తినను పొమ్మన్నాను. ఎందుకని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను. అది మరీ అబద్ధం కాదు.

అవి తెలంగాణ కోసం ఊరూరా ఊరేగింపులు, బందులు జరుగుతున్న రోజులు. కాలేజీ నడిచే రోజుల కంటే రోడ్డు మీద నడిచే రోజులే ఎక్కువగా ఉండేవి. ఊరేగింపులో ఆడపిల్లల వరుసకు నినాదం ఇవ్వడానికి గొంతున్న మనిషి కావాలంటే అందరూ షెడ్డు పిల్లనే ముందుకు తోశారు. ఆమె ఒక్కసారి అరిస్తే చౌరస్తా అవతలి హోటల్లో చాయ్ తాగేవాళ్ళు గ్లాసులతో సహా బయటికొచ్చేవాళ్ళు. ఆమె పక్కన, చెయ్యెత్తి అందుకుంటూ, నా పక్కింటి పిల్ల. ఒకరోజు నేనూ అరుద్దామని ముందుకు పోయాను. నోరు తెరిస్తే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అరవడం మాకెవరు నేర్పారు గనక? పక్కింటి పిల్లకు ఎట్లా వచ్చిందో మరి. ఆమె నన్ను చూసి కిలకిలా నవ్వింది. ఇద్దరూ నవ్వారు. నేను తల తిరుగుతోందని చెప్పి ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

అయినా అప్పటికి నాకొక నమ్మకం మిగిలే ఉంది. నవ్వులకూ ఊరేగింపులకూ ఎవరితోనైనా తిరగనీ, కష్టం వస్తే పక్కింటి పిల్ల నా వైపే తిరుగుతుంది. ఎందుకంటే మా కష్టం ఎట్లా ఉంటుందో షెడ్డు పిల్లకు తెలియదు. అది మా లైన్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ కష్టానికి మా దగ్గర ఒక వేషం ఉంది. డ్యూటీ బట్టలు. బాయి నుంచి వచ్చే మనిషి ఆ బట్టల్లో ఇంటికి వస్తాడు, చాయ్ కొట్టుకు పోతాడు. బడికి మాత్రం రాడు. ఎంత అవసరమున్నా ముందు ఇంటికి పోయి, స్నానం చేసి, బట్టలు మార్చుకునే వస్తాడు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అందరూ పాటిస్తారు. ఆ బట్టల్లో బడికి మనిషి వచ్చాడంటే, బాయిలో ఎవరో పోయారన్న ఒక్క కబురుతోనే వస్తాడు. నేను చిన్న తరగతుల్లో ఉండగా ఒకసారి అట్లా వచ్చారు. వెనక బెంచి పిల్లను తీసుకుపోయారు. ఆమె పుస్తకాల సంచి బెంచి మీదే ఉండిపోయింది. దాని కోసం ఆమె మళ్ళీ రాలేదు.

డిగ్రీ రెండో ఏడాదిలో, కాలేజీ నడిచిన ఒకరోజు, కిటికీలోంచి గేటు వైపు చూస్తే ఆ బట్టలు కనబడ్డాయి. బొగ్గు పట్టిన చొక్కా, గమ్ బూట్లు, చంకలో టోపీ. ముఖం కనబడలేదు. ఆ మనిషి అటెండరుతో ఏదో అన్నాడు. అటెండరు మా క్లాసు వైపు చెయ్యి చూపించాడు.

క్లాసులో సగం మంది బాయి పిల్లలమే. ఒక్కసారిగా గుసగుస ఆగిపోయింది, పుస్తకాల పేజీలు ఆగిపోయాయి. లెక్చరరు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినాయన. తన పాఠం ఎన్నడూ లేనంత శ్రద్ధగా వింటున్నామనుకున్నాడు పాపం, ఇంకొంచెం గొంతు పెంచాడు. ఆ రోజు మా బాపు ఫస్టు షిఫ్టు. పక్కింటి పిల్ల బాపు కూడా. బూట్ల చప్పుడు వరండా మెట్లెక్కింది. మా బాపు పొద్దున ఏ రంగు చొక్కా వేసుకుని పోయాడో గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడు పక్కింటి పిల్ల చెయ్యి కదిలింది. ఇటు కాదు, అటు. షెడ్డు పిల్ల చేతిని రెండు చేతులతో పట్టేసుకుంది. షెడ్డు పిల్లకు ఏమీ అర్థం కాలేదు. అయినా అడగలేదు. ఉంగరంతో కొట్టడం మానేసి ఆ చేతులను ఒడిలోకి లాక్కుంది.

మా బాపు ఉన్నాడో లేడో తెలియని ఆ నిమిషంలో కూడా నేను అది చూశాను. నా గుండె ఒక పక్క కొట్టుకుంటూనే ఉంది, ఇంకో పక్క భగ్గుమంది. మనిషికి ఒకేసారి రెండూ ఎట్లా వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు, వస్తాయని మాత్రం తెలుసు.

ఆ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. మా బాపు కాదు, వాళ్ళ బాపు కాదు, కబురు తెచ్చే బాయి సర్దార్ కూడా కాదు. కళ్ళు ఎర్రబడి, నిద్రతో తూలుతున్నాడు. ముందు బెంచిలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"తాళంచెయ్యి నీ దగ్గరనే ఉండిపాయె బిడ్డా" అన్నాడు. "మీ అమ్మ ఊరికి వాయె. నైటు షిఫ్టు దిగి పొద్దటి సంది గడప మీద కూసున్న. నిద్ర ఆగుతలేదు."

ఆ పిల్ల తండ్రి మీద విరుచుకుపడింది.

"గీ బట్టల మీదనా వచ్చుడు? పానం తీస్తవా బాపూ మాది? బట్టలు మార్చుకొని రావద్దా?"

"ఇల్లు తెరిస్తెనే గద బిడ్డా మార్చేది!"

క్లాసంతా ఘొల్లుమంది. నవ్వేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ పిల్ల తాళంచెయ్యి తండ్రి చేతిలో పెట్టి, బెంచి మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. లెక్చరరు మమ్మల్ని మార్చి మార్చి చూసి, సుద్దముక్క కింద పెట్టి బయటికి పోయాడు. పక్కింటి పిల్ల చేతులు ఇంకా షెడ్డు పిల్ల ఒడిలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం లైన్లోకి నడిచొస్తుంటే నేను ఆగలేకపోయాను.

"నా చెయ్యి ఎందుకు పట్టుకోలే?"

"ఎప్పుడే?"

"నాటకాలు చెయ్యకు. పొద్దున. దాని చెయ్యి ఎందుకు పట్టుకున్నవ్?"

పక్కింటి పిల్ల నడక ఆపి నా వైపు చూసింది. ఆమెకు కోపం రాలేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"ముందుగాల నీ దిక్కే తిరిగిన. నీ చేతులు రెండు బెంచిని పట్టుకొని ఉండె. గుంజినా వచ్చేటట్టు లేకుండె. ఇగ నేనేం పట్టుకోవాలె? దాని చేతులు ఖాళీగ ఉండె."

"ఎందుకుండయి? దానికేం ఫికర్? వాళ్ళ అబ్బా బాయిల దిగుతడా?"

"దిగడు. అందుకే" అంది.

నాకు ఉక్రోషం ఆగలేదు. నీకెంత భయమో నాకూ అంత భయమే కదా, నీ భయం నాకు తెలిసినట్టు దానికేం తెలుసు అని దారి పొడుగునా అంటూనే ఉన్నాను. తెలిసినవాళ్ళ చేతులే ముందు బిగుసుకుంటాయని ఆమె చెప్పింది, నేను వినదలచుకోలేదు. ఆమె ఇక చాలన్నట్టు ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. విసురుగా వెయ్యలేదు. పక్క గుమ్మంలో ఎవరివో బూట్లున్నాయి, అంత విసుగులోనూ తలుపును నిదానంగానే మూసింది.

కొన్ని వారాలకు షెడ్డు పిల్ల మమ్మల్ని ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. నాకు పోవాలని లేదు. పోకపోతే వాళ్ళిద్దరే ఉంటారు. ఆ ఊహ భరించలేక నేనూ బయల్దేరాను.

షెడ్డులో ఒక లారీ జాకీల మీద లేచి ఉంది. కింద వాళ్ళ అబ్బా కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. సుత్తి దెబ్బలు ఇంట్లోకి కూడా అట్లాగే వినబడుతున్నాయి, గిన్నెలు అదురుతున్నాయి. మా బాపు ఇక్కడ ఒక్క పూట పడుకుంటే పిచ్చెక్కిపోతుంది అనుకున్నాను. వాళ్ళ అమ్మ, "ఆవో బేటా, బైఠో" అని చాప మీద తెల్లటి గుడ్డ పరిచింది. బగారా అన్నం, దాల్చా. నా పక్కింటి పిల్ల ఆ ఇంట్లో తన ఇంట్లోలాగే తిరిగింది. నీళ్ళ బిందె ఎక్కడుందో తెలుసు, గ్లాసులెక్కడో తెలుసు. "అమ్మీ" అని పిలుస్తోంది! మా అమ్మను అత్తమ్మా అని పిలిచే మనిషి. దాల్చా బాగుందని నాకు తెలుస్తూనే ఉంది, మళ్ళీ వడ్డిస్తానంటే మాత్రం వద్దన్నాను.

షెడ్డు పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని ఎప్పటిలాగే గట్టిగట్టిగా ఏదో చెబుతోంది. ఉన్నట్టుండి బయట సుత్తి చప్పుడు ఆగింది.

నాకు మొదట హాయిగా అనిపించింది. అప్పుడు షెడ్డు పిల్ల వైపు చూశాను. మాట మధ్యలో ఆగిపోయింది. ముద్ద నోటి దాకా వచ్చి నిలిచిపోయింది. ఆ ముఖం నేను ఎరుగుదును. కిటికీలోంచి గమ్ బూట్లు కనబడిన రోజు మా క్లాసులో సగం ముఖాలు అట్లాగే ఉన్నాయి. ఆమె ఎడమ చెయ్యి కింద పరిచిన గుడ్డను పిడికిట్లో నలిపేస్తోంది.

అటుపక్కన పక్కింటి పిల్ల, "అమ్మీ, ఇంకింత దాల్చా" అంటోంది.

నేను ఎంగిలి కాని చేత్తో ఆ పిడికిలి పట్టుకున్నాను. గుడ్డను వదిలి నా చెయ్యి పట్టుకుంది. ఉంగరం నా వేలి ఎముకకు ఒత్తుకుని నొప్పి పుట్టింది. నేను చెయ్యి తీసుకోలేదు. నా చెయ్యి వణకలేదు కూడా. ఎందుకు వణుకుతుంది, లారీ కింద ఉన్నది మా బాపు కాదు కదా. ఆ మాట తట్టగానే పక్కింటి పిల్ల అన్న "అందుకే" నాకు వినబడింది, ఆమే అక్కడ కూర్చుని మళ్ళీ అన్నట్టు.

బయట దగ్గు వినబడింది. ఆ వెనకే సుత్తి దెబ్బ, ఇంకోటి, ఇంకోటి. షెడ్డు పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఏమైందే?" అంది పక్కింటి పిల్ల, అప్పుడే మా చేతులు చూసి.

"ఏం కాలే" అని నవ్వింది షెడ్డు పిల్ల. తర్వాత తనే చెప్పింది, మొదటిసారి చిన్న గొంతుతో. "మా చిచ్చా, అబ్బా తమ్ముడు, లారీ కింద ఉంటె జాకీ జారింది. నేను గిక్కడనే తింటున్న అప్పుడు. ఎవ్వరు అరువలే, ఏం లేదు. చప్పుడు ఆగింది, గంతే. అప్పటి సంది చప్పుడు ఆగితె నాకు మంచిగుండది."

వాళ్ళ అమ్మ కూతురి పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది. ఉంగరంతో బెంచి మీద ఎందుకు కొడుతుందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన ఆ చప్పుడు నాకు ఇష్టమైపోలేదు. కానీ మరుసటి రోజు నుంచి అది ఆగితే నేనే తల తిప్పి చూసేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనూ పక్కింటి పిల్లా ఎదురెదురుగా కూర్చున్నాం. ఎందుకు దాచాలి, నాకు లోపల పండగలాగా ఉంది. వేలి మీద ఉంగరం గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని మాటిమాటికీ చూసుకున్నాను, ఆమెకు కనబడేలాగే చూసుకున్నాను. పక్కింటి పిల్ల రోడ్డు వైపు చూస్తూనే అంది.

"ఏడాది పైన అయితుంది దాని పక్కకు కూసోవట్టి. వాళ్ళింట్ల ఎన్నిసార్లు తిన్ననో. నాకు చెప్పలే. నీ చెయ్యే ఎట్ల పట్టుకుంది?"

ఆ గొంతు నాకు కొత్త కాదు. ఏడాదిగా నా నోట్లోంచి వస్తున్న గొంతే అది. నా సంబరమంతా ఒక్కసారిగా చప్పబడింది. చిన్నప్పటిలాగా, మాట లేకుండా, ఆమె చెయ్యి పట్టుకుందామని ముందుకు వంగాను.

ఆమె రెండు చేతులూ ఆటో రాడ్డును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.